పట్టీ బిగిసినప్పుడల్లా

మా మేనల్లుడు తార్యేకి కోపం రాదని మా ఊరంతా చెప్పుకుంటుంది. వాడు బస్సు డ్రైవరు. మా ఊరు ఐడ్‌ఫ్యోర్డ్ నుంచి గైలో అనే ఊరి దాకా, మంచు కొండ మీదుగా, చలికాలం ఎండాకాలం తేడా లేకుండా నడుపుతాడు. తాగినవాడెవడో సీటంతా పాడు చేస్తే "ఏం ఫరవాలేదు" అంటాడు. టూరిస్టు ఒకడు రోడ్డుకి అడ్డంగా కారు ఆపి జలపాతానికి ఫొటోలు తీసుకుంటుంటే, హారన్ కొట్టకుండా కూర్చుని అప్పుడూ "ఏం ఫరవాలేదు" అంటాడు. వాడి పెళ్లిరోజు పొద్దున్నే నేను వాడి కొత్త బూటులో కాడ్ చేప తలకాయ పెట్టాను. కాలు పెట్టాడు, తీశాడు, మేజోడు మార్చుకున్నాడు. "ఏం ఫరవాలేదు మామయ్యా" అన్నాడు. నాకెంత నీరసం వచ్చిందో! అంత తలకాయ వెతికి తెచ్చినవాడికి ఒక్క తిట్టయినా దక్కొద్దూ?

అలాంటివాడికి బీపీ వచ్చింది.

మామూలుగా రాలేదు. బస్సు నడిపేవాళ్ల లైసెన్సు కొత్తది చేయాలంటే డాక్టరు చూసి సరే అనాలి. మా డాక్టరమ్మ వాడి చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి, మళ్లీ కొట్టి, మళ్లీ చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిందట. "మాత్రలు మొదలుపెడదాం" అందట. "నాకేం లేదు, మీ గదిలోకొస్తేనే అలా అవుతుంది" అన్నాడట వీడు. డాక్టర్ని చూడగానే బీపీ పెరిగేవాళ్లు నిజంగానే ఉంటారట. అందుకని ఆవిడ ఒక యంత్రం ఇచ్చి పంపింది. నడుముకి చిన్న పెట్టె, పెట్టె నుంచి గొట్టం, గొట్టం చివర చేతికి పట్టీ. ఒక పగలూ ఒక రాత్రీ విప్పకూడదు. ఇరవై నిమిషాలకోసారి దానంతట అదే బిగుసుకుని, కొలిచి, అంకె చూపించి, లోపల దాచుకుంటుంది. ఆ లెక్క బాగుంటే బస్సు. బాగాలేకపోతే, మాత్రలు వేసుకుని బీపీ దిగేదాకా బస్సు తోలకూడదు.

ఇందులో "దిగేదాకా" అన్న మాట వాడికి వినపడలేదు. "తోలకూడదు" ఒక్కటే వినపడింది. బస్సు లేకపోతే తార్యే ఎవడు? ఆ సంగతి వాడికే తెలియదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వాళ్ల నాన్న, అంటే మా బావ, ఇంటి ముందు మంచు తోస్తూ తోస్తూ పార పట్టుకునే పడిపోయాడు. మెదడులో నరం చిట్లింది. అప్పటికి ఆయనకి యాభై నాలుగు. తార్యేకి ఇప్పుడు యాభై రెండు. మా ఇంట్లో అందరికీ ఈ లెక్క తెలుసు. ఎవరూ పైకి అనరు. పైకి అనకపోవడంలో మావాళ్లని మించినవాళ్లు లేరు.

యంత్రం కట్టుకోవాల్సిన రోజే కొండకి అవతల గైలోలో మా అక్క, అంటే తార్యే వాళ్లమ్మ, బోర్గిల్ పుట్టినరోజు. తార్యే భార్య రాగ్నా కేకులు చేయడానికి ముందే వెళ్లిపోయింది. అక్కడి నుంచి నాకు ఫోను.

"మామయ్యగారూ, రేపు కారు మీరు నడపాలి. పట్టీ బిగిసినప్పుడు ఆయన చెయ్యి కదపకూడదంట."

"వాడు బస్సు డ్రైవరమ్మా. నేను నడుపుతుంటే పక్కన కూర్చోవడమే వాడికి పెద్ద జబ్బు."

"ఇంకోటి వినండి. మీ వేషాలు వద్దు. జోకులొద్దు. పాటలొద్దు. ఆయనకి చిరాకు తెప్పించే పని ఒక్కటి కూడా వద్దు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"నోరు మూసుకుని నడపండి చాలు. కారులో ఆయన చప్పరించే ఉప్పు అతిమధురం బిళ్లల పొట్లం ఉండి ఉంటుంది, అది బయట పారెయ్యండి. దానికి కూడా బీపీ పెరుగుతుందట."

పారేయలేదు. పొట్లంలో ఉన్నవన్నీ నేనే తినేశాను. డాక్టరమ్మ లెక్క ప్రకారం నాది పాతికేళ్ల కుర్రాడి రక్తపోటు. ఆ ముక్క విన్నప్పట్నుంచీ కనపడ్డవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాను.

కొండ కింద అడ్డకర్ర దించేసి ఉంది. పైన గాలి లేచిందట. అలాంటప్పుడు ఎవరి దారిన వాళ్లని పోనివ్వరు. కార్లన్నిటినీ ఆపి, ముందు మంచు తోసే బండిని పెట్టి, దాని వెనకాల వరసలో పంపిస్తారు. నారింజ కోటు వేసుకున్న అమ్మాయి ఒకతె మా కారు అద్దం మీద తట్టింది.

"పెట్రోలు ఉందా? దుప్పట్లున్నాయా? తినడానికి?"

"ఏలకుల బన్నులున్నాయమ్మా, నీకోటి ఇవ్వనా?"

"వద్దు పెద్దాయనా. ముందు కారు వెనక దీపాలు మీ కంటికి ఎప్పుడూ కనపడుతుండాలి. అది ఆగితే మీరూ ఆగండి. ఏం జరిగినా కారు దిగొద్దు. పైకెక్కాక వెనక్కి తిప్పడం ఉండదు. మీరు ఆ ఆకుపచ్చ కారు వెనకాల."

తార్యే ముందుకి వంగి చూశాడు. "ఆ కారు వెనకాలే ఎందుకు?"

"దాని వెనకాల చోటుంది కాబట్టి" అని ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

ఆకుపచ్చ కారు హాల్వర్‌ది. తార్యేకి సొంత తమ్ముడు, లారీ డ్రైవరు. వాడూ అమ్మ పుట్టినరోజుకే బయల్దేరాడు. అన్నదమ్ములిద్దరూ ఎదురుపడితే వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. వాన పడింది, వాన పడలేదు, రేపు పడొచ్చు. అంతకు మించి ఎనిమిదేళ్లుగా నేను విన్నది లేదు.

అప్పుడే పట్టీ గుర్ర్‌మంది. బయల్దేరేటప్పుడు నూట నలభై ఎనిమిది ఉండింది. ఇప్పుడు నూట అరవై ఒకటి.

"ఏమైందిరా అల్లుడూ?"

"ఏం లేదు."

అడ్డకర్ర లేచింది. వరస కదిలింది.

మొదటి మలుపు తిరిగేసరికి రోడ్డు పోయింది. రెండో మలుపుకి కొండ పోయింది. తర్వాత ఆకాశం కూడా పోయింది. తెల్లటి దూదిలో ముంచి పైన మూత పెట్టేసినట్టుంది. లోకంలో మిగిలినవల్లా హాల్వర్ కారు వెనకనున్న రెండు ఎర్ర దీపాలు. గాలి పక్క నుంచి కొడుతుంటే కారు భుజం పట్టుకుని ఊపినట్టు ఊగుతోంది. నేను స్టీరింగు మీదకి వంగి ఆ రెండు దీపాలనే చూస్తున్నాను. పక్కన తార్యే తన కాళ్ల దగ్గర బ్రేకు లేకపోయినా తొక్కుతున్నాడు. నేను గేరు మార్చినప్పుడల్లా వాడి దవడ కదులుతోంది. పైకి మాత్రం చర్చిలో కూర్చున్నంత బుద్ధిగా ఉన్నాడు.

వాడి సంగతి అలా ఉంచండి, నా కష్టం ఎవరికి చెప్పుకోను? డెబ్బై ఒక్కేళ్ల నోరు నాది. ఆరో క్లాసులోనే బడి మానేసినా నోరు మాత్రం మానలేదు. మంచు తుపానులో కారు నడుపుతూ, పక్కనొక బస్సు డ్రైవరు లేని బ్రేకు తొక్కుతుంటే, ఎన్ని మాటలు నాలిక చివర దాకా వచ్చాయో! అన్నీ మింగాను. మింగినవి లోపల కుదురుగా ఉంటాయా? కడుపులో దొర్లుతూనే ఉంటాయి.

పట్టీ మళ్లీ బిగిసింది. నూట డెబ్బై.

"చలేస్తోందా?"

"లేదు."

"నేను మరీ దగ్గరగా పోతున్నానా?"

"ఏం ఫరవాలేదు."

ఎర్ర దీపాలు వెలుగెక్కాయి. హాల్వర్ ఆగాడు. నేనూ ఆగాను. ముందెక్కడో పెద్ద లారీ అడ్డం తిరిగిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఏమీ తెలియదు. ముందుకి వెళ్లలేం. వెనక్కి తిప్పలేం. దిగకూడదు. వైపర్లు ఆపితే అద్దం క్షణంలో తెల్లబడిపోతోంది. మా ఊపిరికి లోపల కూడా అద్దాలు మసకబారాయి. ఇక చూడ్డానికి మిగిలింది ఒకరి మొహం ఒకరికి.

కొంతసేపు ఓర్చుకున్నాను. నిజంగా ఓర్చుకున్నాను.

"ఒరే అల్లుడూ, తమ్ముడితో ఏమైందిరా?"

"ఏం లేదు మామయ్యా."

అనడం, పట్టీ గుర్ర్‌మనడం ఒకేసారి. మేమిద్దరం వంగి చూశాం. నూట డెబ్బై ఎనిమిది.

"పెట్టె మాత్రం ఏదో ఉందంటోంది."

"గాలికి."

"గాలి బయటుందిరా."

నేను బన్ను తుంచి ఇచ్చాను. పట్టుకుని కూర్చున్నాడు. బయట మంచు తలుపుల దాకా లేస్తోంది. అటువైపు తలుపు తెరుచుకుంటుందో లేదో కూడా తెలియదు. ఇరవై నిమిషాలు అంత పొడుగుంటాయని నాకు ఆ రోజే తెలిసింది. మళ్లీ పట్టీ కదలబోతుండగా నేను మెల్లగా అన్నాను: "హాల్వర్."

నూట ఎనభై మూడు.

"నేనేమీ అనలేదు కదా, పేరే కదా అన్నాను!"

"మామయ్యా, రాగ్నా నీకేం చెప్పింది?"

"నోరు మూసుకోమంది. అంతసేపు మూసుకుంటే నాకు కూడా ఆ పట్టీ కట్టాల్సొస్తుంది. చెప్పు, ఏమైంది?"

కిటికీ వైపు తిరిగాడు. కిటికీలో చూడ్డానికేం లేదు. అందుకేనేమో చెప్పాడు. గొంతు మాత్రం ఎప్పటిలా నెమ్మదిగానే ఉంది.

"కట్టెల పెట్టె."

కొండ మీద మా బావ కట్టిన చెక్క ఇల్లొకటి ఉంది. ఆయన పోయిన చాలా ఏళ్లకి, మా అక్క దాన్ని అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా ఇచ్చేసింది. ఒక వారం వీడు, ఒక వారం వాడు. మా కొండల్లో ఒక పద్ధతుంది. నువ్వు ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు పొయ్యి పక్క పెట్టె నిండా చీల్చిన కట్టెలు, పైన సన్న పుల్లలు, వాటి మీద అగ్గిపెట్టె పెట్టి వెళ్లాలి. తర్వాత వచ్చేవాడు చలికి వేళ్లు వంగక వస్తాడు. వాడు ఒక్క పుల్ల గీస్తే పొయ్యి అంటుకోవాలి.

"ఎనిమిదేళ్లు మామయ్యా. నేను వెళ్లిన ప్రతిసారీ పెట్టె ఖాళీ. పుల్ల కూడా ఉండదు. చీకట్లో, మంచులో, షెడ్డుకి వెళ్లి చీల్చుకుంటాను. వచ్చేటప్పుడు వాడి కోసం నిండా నింపి వస్తాను."

"వాడితో అన్నావా?"

"ఏమని?"

"నింపరా వెధవా అని."

"వాడికే తెలియాలి."

నాకు నవ్వొచ్చింది. ఏం చెయ్యను, నవ్వు నాకు తుమ్ములాంటిది. "ఎనిమిదేళ్లుగా నీ గుండె చీల్చుకుంటున్నది కట్టెల కోసమా?" అన్నాను. వాడు నవ్వలేదు. యంత్రం వైపు చూశాడు. ఆ చూపు నేను వాడిలో ఎప్పుడూ చూడలేదు. బోనులో పడ్డ జంతువు తలుపు గడియని చూసే చూపు.

"మామయ్యా, నీకెంత ఉంటుంది?"

"ఏది?"

"బీపీ."

"నూట ఇరవై. పాతికేళ్ల కుర్రాడిది. డాక్టరమ్మే..."

"చొక్కా చెయ్యి పైకి మడతపెట్టు."

ముందు అర్థం కాలేదు.

"ఇక్కణ్నుంచి రేపు పొద్దున దాకా నువ్వు కట్టుకో. ఎవరు చూస్తారు? సగటు తీస్తే అంతా మామూలైపోతుంది. వేసవి దాకా నన్ను వదిలేస్తారు. ఆలోగా నేనే తగ్గించుకుంటాను, ఉప్పు మానేస్తాను, నడుస్తాను." గొట్టం మీద వేలేసి అన్నాడు. "నీకిలాంటివి కొత్తా?"

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. నా జన్మలో ఎవరూ నన్ను తమ వేషంలో చేర్చుకోలేదు. అన్నీ నేను ఒక్కణ్నే వేసుకున్నాను. అందులోనూ వీడు, పక్కింటివాడి ఆపిల్ పండు కింద పడితే తీసుకెళ్లి ఇచ్చొచ్చే రకం, నన్ను పిలుస్తున్నాడు! నా చెయ్యి నన్నడక్కుండానే గుండీ విప్పేసింది. చొక్కా మోచేతి దాకా మడిచేశాను కూడా.

అప్పుడు వాడి మెడ మీద నరం చూశాను. కొట్టుకుంటోంది. పార పట్టుకుని పడున్న మా బావని మొదట చూసింది నేనే.

చొక్కా దించి గుండీ పెట్టుకున్నాను.

"కుదరదురా."

"తమాషాకి కాదు మామయ్యా, నిజంగానే అడుగుతున్నాను."

"నిజంగా కాబట్టే కుదరదు. బస్సులో నీ వెనకాల జనం కూర్చుంటారు. ఈ కొండ మీద నీకేదైనా అయితే?"

"నాకేం కాదు!"

"ఆ మాట మీ నాన్న కూడా అన్నాడు."

అప్పుడు వాడు అరిచాడు. చిన్న కారు, మూసిన అద్దాలు. ఆ అరుపు పోవడానికి దారి లేక నా చెవుల్లోనే తిరిగింది. "బతుకంతా వేషాలే కదా నీవి! పాస్టరు గారి కారుకి దుప్పి కొమ్ములు కట్టావు! అమ్మ కాఫీలో ఉప్పు పోశావు! నా పెళ్లి బూటులో చేప తలకాయ పెట్టావు! ఆ బూట్లు నేను మళ్లీ వేసుకోలేదు, తెలుసా నీకు? వాసన పోలేదు! ఏం ఫరవాలేదన్నానంతే! ఫరవాలేదని కాదు! ఎప్పుడూ కాదు! ఒక్కటి, ఒక్కటి నా కోసం వెయ్యమంటే వెయ్యలేవా?"

మధ్యలోనే పట్టీ బిగుసుకుంది. వాడింకా అరుస్తూనే ఉన్నాడు. అది ఒకసారి కొలవలేక వదిలేసి, మళ్లీ బిగుసుకుని, ఈసారి వదలకుండా పట్టుకుంది. రెండు వందల ఏడు.

అరిస్తే లోపలిదంతా బయటికి పోయి మనిషి తేలికపడతాడని నేను అనుకునేవాణ్ని. అంకె అలా చెప్పలేదు. వాడి మొహమూ అలా చెప్పలేదు. ఉడికించిన పీతలా ఎర్రబడి, చటుక్కున మాట ఆపేసి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"మామయ్యా, తల పగిలిపోతోంది. కళ్ల ముందు ఏవో మెరుస్తున్నాయి."

కారు దీపాలు నాలుగూ ఆరుతూ వెలుగుతూ ఉండేట్టు నొక్కి, అంబులెన్స్ నంబరుకి ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తింది. చాలా నెమ్మదైన గొంతు. పేరు, వయసు, ఎక్కడున్నారు, అంకె ఎంత, అన్నీ అడిగింది.

"ఆయన్ని రెండు చేతులూ ఎత్తమనండి."

ఎత్తాడు. కప్పుకి తగిలాయి.

"ఇప్పుడు నవ్వమనండి."

"ఏమిటీ?"

"నవ్వమనండి. మూతి రెండు వైపులా సమంగా కదులుతోందా చూడండి."

వాడి వైపు తిరిగాను. "నవ్వమంటోందిరా."

"ఇప్పుడా?"

"ఇప్పుడేరా. ఒక్కసారి. నీకు దణ్ణం పెడతాను, నవ్వు నాయనా."

ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని చావుల్లో జనాన్ని నవ్వించానో లెక్కలేదు. ఒక్క నవ్వు కోసం అంతలా ఎవరినీ బతిమాలుకోలేదు. వాడు పళ్లు బయటపెట్టాడు. చూడ్డానికి ఏడుపులా ఉంది. కానీ రెండు వైపులా సమంగా ఉంది. కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను, మళ్లీ కుడివైపు చూశాను.

"సమంగానే ఉందమ్మా" అన్నాను. నా గొంతే సమంగా లేదు.

లారీని పక్కకి లాగేదాకా ఏ బండీ మా దగ్గరికి రావడం కుదరదని, అవతల కొండ దిగే చోట, హావ్‌గస్తోల్ దగ్గర అడ్డకర్ర పక్కన అంబులెన్స్ సిద్ధంగా ఉంటుందని చెప్పింది. "నిటారుగా కూర్చోబెట్టండి. మాట్లాడించొద్దు. కోపం తెప్పించొద్దు. వేరేవాళ్ల మాత్రలేవీ ఇవ్వొద్దు. మాట తడబడినా, చెయ్యి పడిపోయినా వెంటనే ఫోన్ చెయ్యండి." చేస్తే మాత్రం ఎవరొస్తారు? ఆ ప్రశ్న నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

వెనక తలుపు ఒక్క లాగుతో తెరుచుకుని, సగం తుపాను లోపలికొచ్చింది. తుపానుతో పాటు హాల్వర్. కనుబొమలు తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. మా దీపాలు అద్దంలో చూసి, దిగకూడదన్న చోట దిగి, రెండు కార్లనీ తడుముకుంటూ వచ్చాడు.

"ఏమైంది అన్నయ్యా?"

"ఏం లే..." అనబోయి తార్యే ఆగిపోయాడు. నడుము దగ్గరున్న పెట్టెని చూసుకున్నాడు.

"బీపీ" అన్నాను నేను. "రెండు వందల ఏడు. మాట్లాడించొద్దంది."

హాల్వర్ ముందుకి వంగి ఆ అంకె చూశాడు. చాలాసేపు చూశాడు. "మూడేళ్ల కింద నాకు రెండు వందల పన్నెండు వచ్చింది" అన్నాడు.

తార్యే మెడ తిప్పాడు.

"లారీ మీంచి దింపేశారు నన్ను. మాత్రలు మొదలుపెట్టారు. కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని గోడలు చూశాను. తగ్గాక మళ్లీ ఎక్కాను. ఇప్పుడూ రోజూ వేసుకుంటాను."

"నాకు చెప్పలేదే" అన్నాడు తార్యే.

"మాట్లాడొద్దందిరా ఆవిడ!" అన్నాను.

"చెప్పడానికేముంది" అన్నాడు హాల్వర్.

మూడు ఊపిర్లు, ఒక్క కారు. అద్దాల మీద నీళ్లు కారుతున్నాయి. తార్యే కళ్లు మూసుకుని, ఎంతో మెల్లగా, పసిపిల్లాణ్ని లేపకూడదన్నట్టు అన్నాడు: "కట్టెల పెట్టె ఎందుకు నింపవురా?"

హాల్వర్ టోపీ తీసి మంచు దులుపుకున్నాడు. "ఒకసారి నింపాను కదా. ఇల్లు మన చేతికొచ్చిన మొదటి శీతాకాలం. మర్నాడు నేను మర్చిపోయిన చేతితొడుగుల కోసం వెనక్కొచ్చాను. నువ్వు నా కట్టెలన్నీ బయట పడేసి మళ్లీ చీలుస్తున్నావు."

"లావుగా ఉన్నాయి."

"చూశావా మామయ్యా? ఇప్పటికీ లావుగానే ఉన్నాయట. నా కట్టెలు పనికిరావు కదా, ఈయనే చీల్చుకుంటాడులే అని వదిలేశాను. వెళ్లిన ప్రతిసారీ ఆ సన్నసన్న కట్టెలు చూస్తే నాకు ఒళ్లు మండేది."

"ఇద్దరూ నోరు ముయ్యండ్రా" అన్నాను. "ఒకడు ఇక్కడ చచ్చేట్టున్నాడు, ఇంకొకడు కట్టెల లావు కొలుస్తున్నాడు."

పట్టీ బిగిసింది. అన్నదమ్ములు మాట్లాడుకున్నారు కదా, ఇక దిగుతుందనే నేను అనుకున్నాను. యంత్రానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నూట తొంభై ఎనిమిది. ఇంకోసారికి నూట తొంభై ఐదు. అంతే. మనసులో పోగుపడ్డవన్నీ అప్పటికే నరాల్ని తోలులా గట్టి చేసేసి ఉంటాయి కాబోలు. అవి ఒక మాటకి మెత్తబడవు. హాల్వర్ వెనక నుంచి అన్నయ్య భుజం మీద చెయ్యి వేద్దామని లేపి, పట్టీ ఉన్న చెయ్యి అని గుర్తొచ్చి, సీటు మీద వేశాడు.

తలనొప్పి ఎలా ఉందని నేను వేళ్లతో సైగ చేసి అడిగేవాణ్ని. వాడు అరచెయ్యి అటూ ఇటూ ఊపేవాడు. మాట తడబడుతోందేమో చూద్దామని మధ్యమధ్యలో వాడి పేరు అడిగేవాణ్ని. "తార్యే" అనేవాడు విసుగ్గా. ఆ విసుగు నాకు పండగలా ఉండేది.

ఎంతసేపటికో ముందు నారింజ దీపం తిరగడం కనిపించింది. హాల్వర్ పరిగెత్తి తన కారెక్కాడు. మళ్లీ ఆ రెండు ఎర్ర దీపాలు, వాటి వెనకాల నేను. ఈసారి తార్యే బ్రేకు తొక్కలేదు. వెనక్కి వాలి కూర్చుని ఆ దీపాల్నే చూస్తున్నాడు. నేను ఒక మలుపులో గేరు తప్పుగా వేస్తే "మూడులో వెయ్యి" అన్నాడు. వేశాను.

హావ్‌గస్తోల్ దగ్గర అడ్డకర్ర పక్కన అంబులెన్స్ ఉంది. అందులోంచి దిగిన మనిషి నా వయసులో సగం ఉంటుంది. మా కారు తలుపు తెరిచి, వాడి కళ్లలోకి లైటు వేసి, చేతులు నొక్కమని, వేలు చూడమని, అన్నీ చేసింది. తర్వాత పెట్టె తీసి అంకెలు వరసగా చూసింది. ముఖం చిట్లించింది.

"ఇవన్నీ ఒక్క మధ్యాహ్నంలోవేనా? ఈ పట్టీ కాస్త వదులుగా ఉన్నట్టుంది. మందపాటి స్వెట్టరు, కారు కుదుపులు... పట్టీ జారిందేమో. అలా అయితే ఈ లెక్క చెల్లదు. జారిందని రాసేయనా? ఎప్పుడైనా మళ్లీ తీయించుకోవచ్చు."

ఆవిడ మంచి మనసుతోనే అంది. తలుపు తెరిచి పట్టుకున్నట్టు అంది. తార్యే నావైపు చూశాడు. నేను బన్నుల పొట్లం వైపు చూశాను. ఆ పొట్లంలో అంత చూడదగ్గది ఏమీ లేదు. నోరు తెరిస్తే ఏమంటానో నాకే నమ్మకం లేదు. ఒక్క మాట చాలు, వాడికి వేసవి దాకా బస్సు ఉంటుంది.

వాడి మెడ మీద నరం ఇంకా కొట్టుకుంటోంది.

"జారలేదు" అన్నాడు.

"నిజంగానే?"

"నేను పొద్దున్నించీ కోపంగా ఉన్నాను" అన్నాడు. "అంతకు ముందు నుంచీ కూడా. అవి నా అంకెలే. రాసుకోండి."

ఆవిడ రాసుకుంది. కారులోంచి దించి, చంక కింద చెయ్యి వేసి, మెట్టు ఎక్కించింది. వాడు బండి ఎక్కుతూ అలవాటు కొద్దీ డ్రైవరు సీటు వైపు ఒకసారి చూసి, లోపల మంచం మీద పడుకున్నాడు. హాల్వర్ తన కారుని రోడ్డు మధ్యలోనే, ఇంజను కూడా ఆపకుండా వదిలేసి పరిగెత్తుకొచ్చి వాళ్లతో పాటే ఎక్కేశాడు. తలుపులు మూసుకున్నాయి. బండి గైలో వైపు వెళ్లిపోయింది.

అక్క పుట్టినరోజుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో, రాగ్నాకి ఏం చెప్పాలో ఆలోచిస్తూ ఆ చలిలో నిలబడ్డాను. అడ్డకర్ర లేచే ఉంది. హాల్వర్ ఆకుపచ్చ కారు దారికి అడ్డంగా, తలుపు తెరుచుకుని, వైపర్లు ఊపుకుంటూ ఉంది. దాని వెనకాల నా కారు. నా కారు వెనకాల మాతో పాటు ఆ పగలంతా తెల్లటి దూదిలో ఇరుక్కుని, ఆకలితో, ఒంటికి పోసుకోవడానికి కూడా దిగలేక కూర్చున్న వరసంతా ఉంది. ఇంకొక్క అడుగు ముందుకేస్తే ఇల్లు. ఒక్కడు హారన్ కొట్టలేదు. ఒక్కడు అద్దం దించి "తియ్యవయ్యా కారు" అనలేదు. అందరూ స్టీరింగు పట్టుకుని, పెదాలు బిగించి, ఎంతో మర్యాదగా ఎదురుచూస్తున్నారు. వాళ్లలో మొదటి కారులో ఉన్నాయన వైపు నేను చూస్తే, ఏం ఫరవాలేదన్నట్టు తల ఊపాడు.

ఆయన మొహం ఎర్రగా ఉంది. హాల్వర్ కారు తీయడానికి నేను పరిగెత్తాను.